పింగాణీ మీద పూలు, అంచుకి లస్టర్: ఏది ముందు కాల్చాలి, ఎక్కడ చెడుతుంది

జాజితీగ (తిరుపతి)

అందరికీ నమస్కారం. చేతిలో ఉన్నది 10 అంగుళాల తెల్ల పింగాణీ పళ్లెం. గట్టి పోర్సలేన్, బోన్ చైనా (ఎముక బూడిద కలిపి చేసే రకం) కాదు. నడుమ సంపంగి కొమ్మ, పక్కన ఒక తామర మొగ్గ, చుట్టూ రెండు వేళ్ల వెడల్పున ముత్యపు లస్టర్ (కాలాక మెరిసే పలచటి లోహపు పూత), కొసన సన్నటి బంగారు గీత రావాలి. కిల్న్ (కాల్చే బట్టీ) చిన్నది, పైమూతది, 3 కిలోవాట్లు, డిజిటల్ కంట్రోలర్ ఉంది.

విడిగా పలకల మీద వేసి చూస్తే రెండు తేడాలు. తామరకి వేసిన గులాబీ ఇటుక రంగుకి దిగిపోతోంది. లస్టర్ వేసిన చోట వేలితో రుద్దితే తెల్లటి పొడి అంటుకుంటోంది. ఏది ముందు కాల్చాలి, ఎంత వేడికి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

బట్టీ మాస్టర్ (చిత్తూరు)

ఎక్కువ వేడి కోరేది ముందు, తక్కువ వేడి చాలేది చివర. ఈ వరుస తప్పితే మిగతావన్నీ సరిగ్గా చేసినా లాభం లేదమ్మా.

మీ పళ్లానికి నాలుగు కాల్పులు పడతాయి. మొదటిది 800 డిగ్రీలు: తామర గులాబీ, సంపంగి లేత పసుపు, ఆకుల మొదటి పూత. రెండోది 780: నీడలు. మూడోది 760: ఈనెలు, సన్న గీతలు, ముదురు మెరుగులు. నాలుగోది 715 దగ్గర: లస్టర్, బంగారం. ఒక్కో కాల్పులో చివరి వేడి దగ్గర 10 నిమిషాలు నిలపండి. లస్టర్ పడ్డాక మళ్లీ 780కి తీసుకెళితే ఆ మెరుపు చచ్చిపోయి మసకగా మిగులుతుంది.

గులాబీ ఇటుక రంగుకి వచ్చిందంటే వేడి చాలలేదు. గులాబీ, ఊదా, రూబీ పొడుల్లో రంగునిచ్చేది బంగారమే. జర్మన్ వైద్యుడు ఆండ్రియాస్ కాసియస్ పేరు మీద 17వ శతాబ్దం నుంచి చెప్పుకునే ఊదా ఇదే. చైనావాళ్లు 1720ల నుంచి పింగాణీ మీద వేసిన గులాబీ ఎనామెల్ కూడా ఈ బంగారపు రంగే. ఇది విచ్చుకోవాలంటే 790–800 కావాలి. తక్కువైతే గోధుమ, ఇటుక రంగు. మరీ ఎక్కువైతే నీలం కలిసిన ఊదా. తక్కువ కాలిన పలకని పారెయ్యొద్దు, అదే పలకని 800కి మళ్లీ కాల్చండి, చాలావరకు కోలుకుంటుంది. నీలం వైపు పోయినదాన్ని మాత్రం వెనక్కి తేలేం.

బోన్ చైనా చేసేవాళ్లు ఈ అంకెలు పట్టుకోవద్దు. దాని గ్లేజు (పైనున్న గాజు పూత) మెత్తనిది, 740 దగ్గరే రంగుని లోపలికి లాక్కుంటుంది. గట్టి పోర్సలేన్ గ్లేజు 1300 దాటిన వేడిలో కాలింది, 800కి చలించదు. రంగు దానిలో ఉన్న ఫ్లక్స్ (కరిగి రంగుని అంటించే పదార్థం) బలం మీదే అంటుకోవాలి.

స్వర్ణముఖి (శ్రీకాళహస్తి)

పూల సంగతి నేను చెప్తాను.

పొడిని గాజు పలక మీద పోసి పాలెట్ నైఫుతో (రంగు కలిపే పల్చటి కత్తి) నూరాలి. కోపైబా నూనె (ఒక చెట్టు నుంచి తీసే చిక్కటి నూనె) 6 పాళ్లు, లవంగ నూనె 1 పాలు కలిపి ఉంచుకుంటే చాలు. పొడిలో చుక్కచుక్కగా వేస్తూ టూత్‌పేస్టు చిక్కదనం వచ్చేదాకా నూరండి. కత్తి కింద గరగర శబ్దం ఉన్నంతసేపు పని కానట్టే. ఆ గరుకే కాలాక రేకు మీద ముదురు చుక్కలై నిలుస్తుంది. లవంగ నూనె ఎందుకంటే అది రంగుని గంటల తరబడి ఆరనివ్వదు. మన తిరుపతి, కాళహస్తి మే నెల ఎండలో ఒట్టి లావెండర్ నూనెతో కలిపితే రేకు సగం దిద్దేలోపే బిగుసుకుపోతుంది. లవంగం ఎక్కువైనా చిక్కే: ఆరక దుమ్మంతా పట్టుకుంటుంది, కాల్పు మొదట్లో పల్చబడి కిందికి జారుతుంది.

సంపంగికి పన్నెండుకు పైగా సన్నటి రేకులుంటాయి, కొసలు వంపు తిరిగి ఉంటాయి. రేకు రేకుకీ గీత గీసి రంగు నింపితే ప్లాస్టిక్ పువ్వులా ఉంటుంది. పువ్వు మొత్తానికీ లేత పసుపు ఒకే పూతగా వేసి, 8వ నంబరు చదును కుంచెని శుభ్రంగా తుడిచి, ఆ పొడి కుంచెతో వెలుగు పడే చోట రంగుని లాగెయ్యండి. పింగాణీలో తెలుపు మన దగ్గర ఉన్నదే, పళ్లెం తెలుపే వెలుగు. రేకుకి ఒకటే లాగుడు, మొదలు నుంచి కొసకి. ఆగి మళ్లీ లాగితే చార కనిపిస్తుంది. మొదటి కాల్పుకి పువ్వు వెలిసిపోయినట్టే ఉండాలి. ముదురు కోసం తొందరపడి మందంగా వేస్తే కాలాక పెచ్చు లేస్తుంది, ఆ పెచ్చుతోపాటు గ్లేజు కూడా వస్తుంది.

రెండో కాల్పుకి నీడ. పసుపు నీడకి నలుపు కలిపితే మురికి ఆకుపచ్చ అవుతుంది. పల్చటి ఊదా గానీ, బూడిద ఆకుపచ్చ గానీ వాడండి. మూడో కాల్పుకి రేకు మొదట్లో పసుపు గోధుమ, తొడిమకి ఆలివ్ పచ్చ.

ఇనుప ఎరుపుని (ఇనుము ఆక్సైడుతో వచ్చే ఎరుపు) పసుపులో కలిపి నారింజ తెద్దామనుకోకండి. ఇనుప ఎరుపు పసుపుని తినేస్తుంది, లేదా ఎరుపే వెలిసిపోతుంది. ముద్దబంతి వేసేవాళ్లందరికీ తగిలే దెబ్బ ఇది. పసుపుని ఒకసారి కాల్చి, ఎరుపుని పల్చగా దాని మీద వేరే కాల్పులో వేయాలి. మందారానికి వాడే కాడ్మియం సెలీనియం ఎరుపు అయితే ఇంకా పట్టుదల గలది: ఏ రంగుతోనూ కలపకూడదు, దానికంటూ వేరే కుంచె, వేరే పాలెట్. కాస్త మందంగా ఒక్కసారే వేసి, గాలి బాగా ఆడనిచ్చి, రంగుల కాల్పుల్లో చివరిదాంట్లో పెట్టాలి. వేరే రంగు సోకితే బూడిద నలుపు అవుతుంది.

కొత్తకుంచె (మదనపల్లె)

అక్కా, కిల్న్ లేనివాళ్లం ఇంట్లో ఓటీజీలో కాల్చుకోవచ్చా? సీసా మీద 150 డిగ్రీలు, 35 నిమిషాలు అని రాసుంది.

స్వర్ణముఖి (శ్రీకాళహస్తి)

అది పెబియో పోర్సలేన్ 150 లాంటి రంగు. నేర్చుకోవడానికి, గోడకి తగిలించే పళ్లేలకి బాగానే ఉంటుంది. గ్లేజులో కరిగి కలవదు, పైన పొరగా గట్టిపడుతుంది. చెంచా గీస్తే లేస్తుంది. వేడి ఓవెన్లో పెట్టొద్దు, చల్లని ఓవెన్లో పెట్టి అప్పుడు ఆన్ చెయ్యి, 150 చేరాక 35 నిమిషాలు లెక్కపెట్టు. కుంచె పట్టు, వెలుగు లాగడం ఈ రంగుతోనే నేర్చుకోవచ్చు. లస్టర్‌కి మాత్రం కిల్న్ తప్పదు తల్లీ.

మా ఊళ్లో కలంకారీ వాళ్లు అడుగుతుంటారు, ఇనుము, బెల్లం నానబెట్టి తీసే నలుపుతో కప్పు మీద గీయొచ్చా అని. గుడ్డ మీద కరక్కాయతో కలిసి నల్లబడే రంగు అది. పింగాణీ మీద పట్టుకునేదేమీ ఉండదు, కాలిస్తే మాడిపోయి మరక మాత్రం మిగులుతుంది. పింగాణీ గీతకి ఆక్సైడు నలుపు పొడిలో చక్కెర నీళ్లు కలిపి నిబ్బు కలంతో గీయాలి. చక్కెర గీత ఆరాక నూనె రంగు మీద పడినా చెదరదు, అదే దాని గొప్ప. చక్కెర ఎక్కువైతే కాల్పులో పొంగి గీత తెగుతుంది. కలంకారీ చేయి ఉన్నవాళ్లకి ఈ గీత చాలా తొందరగా వస్తుంది.

పలమనేరు మట్టి (పలమనేరు)

లస్టర్ గురించి రాస్తున్నా. ఇది రంగు పొడి కాదు. లోహాన్ని జిగురు, నూనెల్లో కరిగించిన గోధుమ ద్రవం. సీసాలో ఉన్నప్పుడు అన్నీ ఒకేలా ఉంటాయి, ముత్యమో గులాబీయో కాలాక గానీ తెలియదు. కాబట్టి సీసా మూతకీ ఒంటికీ రెండు చోట్లా పేరు రాసుకోండి. నూనెలన్నీ కాలిపోయి ఒక మైక్రాన్‌కన్నా పలచటి పొర మిగులుతుంది. ముత్యపు లస్టర్‌లో ఉండేది బిస్మత్. గులాబీ, ఊదా లస్టర్లలో బంగారం, అందుకే ఆ ధర.

ఇరాక్‌లో 9వ శతాబ్దంలో వేసిన లస్టర్ ఇది కాదు, రెండూ కలిపి చదవొద్దు. వాళ్లు వెండి, రాగి లవణాలు పూసి, పొగ నింపిన బట్టీలో ఆక్సిజన్ తగ్గించి లోహాన్ని గ్లేజు లోపలే తేల్చేవాళ్లు. మన సీసా లస్టర్‌కి సరిగ్గా తిరగేసి, గాలి కావాలి.

వేసే తీరు ఇది. పళ్లెం అంచుని సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి, నూగు రాలని గుడ్డతో ఆరబెట్టండి. తర్వాత దాని మీద నోటితో ఆవిరి ఊదండి. ఆవిరి సమానంగా పరుచుకుంటే శుభ్రంగా ఉన్నట్టు, ఎక్కడైనా విరిగి మచ్చలుగా కనిపిస్తే ఆ చోట జిడ్డు ఉన్నట్టు. జిడ్డు ఉంటే మళ్లీ తుడవాలి. ఆవిరి పూర్తిగా పోయాకే కుంచె పెట్టండి.

సీసాని ఊపకండి, మెల్లగా అటూఇటూ వంచండి. ఊపితే బుడగలు పడతాయి, ప్రతి బుడగా కాలాక ఒక గుండ్రటి ఖాళీ. నాలుగు చుక్కలు గాజు గిన్నెలో పోసుకుని మెత్తటి కుంచెతో, ఒకే పూత, వేసిన చోటికి మళ్లీ వెళ్లకుండా వెయ్యండి. ముత్యం రంగులు రావాలంటే వంకర గీతలు ఒకదాని పక్కన ఒకటి వేస్తూ పోవాలి, మందం మారిన చోట రంగు మారుతుంది. ఒకే మందంలో నున్నగా పూస్తే వట్టి తెల్లటి మెరుపే వస్తుంది.

ఒక్కో లస్టర్‌కి ఒక్కో కుంచె. రంగులకి వాడిన టర్పెంటైన్ కుంచెని లస్టర్‌లో ముంచొద్దు, రెండూ పాడవుతాయి. కడగడానికి లస్టర్ ఎసెన్స్ (లస్టర్‌ని పల్చన చేసే ద్రవం), ఆ తర్వాత అసిటోన్.

జాజితీగ (తిరుపతి)

చాలా ధన్యవాదాలు. తెల్ల పొడి వచ్చిన పలకకి రెండు పూతలు వేసి ఉంది. మూత 300 దగ్గర మూసి, 720కి కాల్చింది. పక్కనే ఇంకో పలక ఒకే పూతతో ఉంది, దాని మీద పొడి లేదు, కానీ పాల మీగడలాంటి మసక కమ్మి ఉంది.

బట్టీ మాస్టర్ (చిత్తూరు)

రెండు పలకలకీ జబ్బులు వేరు. రెండు పూతల పలక మందం వల్ల పొడి రాలింది. బిస్మత్ పొర మందమైతే గ్లేజుని పట్టుకునేది అడుగు పొర మాత్రమే, పైది పొడిగా మిగులుతుంది. ఒకే పూత పలకకి మసక రావడానికి కారణం మూత తొందరగా మూయడం. నూనె పొగ లోపలే తిరిగి చల్లటి గ్లేజు మీద మళ్లీ కూర్చుంటుంది.

మూతని రెండు అంగుళాలు ఎత్తి, కిల్న్ ఇటుక ముక్క అడ్డం పెట్టి, పైన చూపుగూడు (లోపలికి చూసే రంధ్రం) బిరడా తీసేసి మొదలుపెట్టండి. గంటకి 120 డిగ్రీల చొప్పున 500 దాకా అట్లాగే పోనివ్వండి. ఘాటు వాసన పూర్తిగా ఆగిపోయాకే మూత దించండి, చూపుగూడు మాత్రం చివరిదాకా తెరిచే ఉంచండి. తర్వాత గంటకి 150తో 715. దిగేటప్పుడు ముట్టుకోవద్దు. 100 లోపుకి వచ్చేదాకా మూత ఎత్తొద్దు. పళ్లెం వెడల్పుగా ఉంది కాబట్టి 573 డిగ్రీల దగ్గర తొందరపెట్టకండి. అక్కడ మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా పరిమాణం మారుతుంది, ఒక పక్క వేడి ఇంకో పక్క చల్లగా ఉంటే పళ్లెం టప్‌మని చీలుతుంది.

పొడి పలకని ఏం చేయాలంటే, తడిగుడ్డతో తుడిచి పొడి పోయాక మిగిలిన పొర నచ్చితే అలాగే ఉంచండి. నచ్చకపోతే స్పిరిట్‌తో శుభ్రం చేసి, పలచగా ఇంకో పూత వేసి కాల్చండి. గ్లేజుని కరిగించే ఆమ్లాలతో లస్టర్ తీయమని ఎవరైనా చెబితే వినకండి. అందులో ఉండేది హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం, చర్మం దాటి ఎముక దాకా పోతుంది.

పలమనేరు మట్టి (పలమనేరు)

అన్నా, 500 దాకా తెరిచి ఉంచితే 3 కిలోవాట్ల కిల్న్ ఎక్కడం కష్టం కాదా? 400 దగ్గర మూసినా లస్టర్ బాగానే వస్తోంది.

బట్టీ మాస్టర్ (చిత్తూరు)

ఒకటి రెండు కప్పులుంటే 400 చాలు. కిల్న్ నిండా లస్టర్ సరుకు ఉంటే చాలదు, పొగ ఎక్కువ. సరుకుని బట్టి చూసుకోండి. నేను 500 దగ్గరే ఉంటాను.

ఎక్కడం కష్టమన్నది నిజమే, దానికి ఇంకో కారణం కూడా చూడాలి. సాయంత్రం ఓల్టేజీ 230 నుంచి 207కి పడితే కిల్న్ బలం 10 శాతం కాదు, 19 శాతం తగ్గుతుంది. ఓల్టేజీ వర్గాన్ని (ఓల్టేజీ × ఓల్టేజీ) బట్టి వాట్లు మారతాయి. అప్పుడు చివరి వంద డిగ్రీలు పాకుతూ ఎక్కుతుంది. వేడి ఎంత అన్నదే కాదు, ఎంతసేపు అన్నది కూడా రంగు మీద పనిచేస్తుంది. కంట్రోలర్ 715 చూపించినా లస్టర్ ఎక్కువ కాలినట్టు వస్తుంది. అందుకే పళ్లెం పక్కన 018 కోన్ (తగినంత వేడి తగలగానే వంగిపోయే చిన్న శంకువు) ఒకటి నిలబెట్టండి. నెమ్మదిగా ఎక్కినప్పుడు అది 715 దగ్గర వంగుతుంది. కోన్ నేలకి ఆనుకుపోయి ఉంటే ఈసారి 10 డిగ్రీలు తగ్గించండి. నిటారుగానే ఉంటే 10 పెంచండి. కంట్రోలర్ అంకెకన్నా కోన్ మాటే నమ్మండి.

జాజితీగ (తిరుపతి)

కోన్ విషయం ఎక్కడా ఇంత స్పష్టంగా చూడలేదు. కార్తీకంలో ఇక్కడ వానలు కదా, అప్పుడు లస్టర్ పని ఆపేయాలా?

స్వర్ణముఖి (శ్రీకాళహస్తి)

ఆపక్కర్లేదు. తేమ పట్టిన పళ్లెం మీద వేస్తే తెల్లటి చుక్కలు, మబ్బు మచ్చలు వస్తాయి. పళ్లేన్ని హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేసి, అరచేతికి వెచ్చదనం తెలిసేలా ఉన్నప్పుడే వెయ్యండి. వేడి ఎక్కువైతే కుంచె చార పడుతుంది. వేశాక మూత ఉన్న డబ్బాలో ఉంచి అదే రోజు కాల్చెయ్యండి. ఫ్యాన్ వేసిన గదిలో మాత్రం వెయ్యొద్దు, ఒక్క నూగు పడినా చుట్టూ లస్టర్ తప్పుకుని గుండ్రటి ఖాళీ అవుతుంది.

వాడిన పాత కప్పుల మీద వేసేవాళ్లు ఇంకో జాగ్రత్త పాటించాలి. గ్లేజు చీలికల్లో ఏళ్ల తరబడి చేరిన నీళ్లు, నూనె కాల్పులో బయటికొచ్చి నల్లచుక్కలు, బొబ్బలు పెడతాయి. ముందు 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఆరబెట్టి, తర్వాత ఏ రంగూ లేకుండా 800కి ఒకసారి ఒట్టిగా కాల్చి చూడండి. అప్పటికీ చుక్కలు వస్తే ఆ కప్పుకి అంతే, దాని మీద బంగారం ఖర్చు చెయ్యొద్దు.

పలమనేరు మట్టి (పలమనేరు)

అలంకారం కోసం కొన్ని చిట్కాలు.

తడి లస్టర్ మీద టూత్‌పిక్ కొసతో లావెండర్ నూనె చుక్క వదిలితే లస్టర్ పక్కకి తప్పుకుని వలయం వస్తుంది. పల్చగా ఉన్న చోట పెద్ద వలయం, మందంగా ఉన్న చోట చిన్నది. నెమలి కన్నుకి ఇది బాగా కుదురుతుంది. పలచటి ప్లాస్టిక్ షీటు నలిపి తడి లస్టర్ మీద ఆన్చి, ఎత్తి తీస్తే పాలరాతి గీతల్లాంటి నమూనా వస్తుంది. షీటు పక్కకి లాగితే మాత్రం మరక.

పువ్వు చుట్టూ లస్టర్ వేయాలంటే పువ్వు మీద లేటెక్స్ ద్రవం (రబ్బరు పాలు) పూసి ఆరనిచ్చి, లస్టర్ అంటీ అంటనట్టు ఉండగానే ట్వీజర్‌తో లాగెయ్యాలి. పూర్తిగా ఆరితే అంచు పెళుసై విరుగుతుంది. లేటెక్స్‌ని కిల్న్‌లోకి పోనివ్వొద్దు. ఇంకో మాట, కాల్చని రంగు మీద లస్టర్ వెయ్యొద్దు. కాలిన మ్యాట్ (మెరుపు లేని) రంగు మీద వేస్తే మెరుపు రాదు, లస్టర్ కింద గ్లేజు ఎంత మెరిస్తే అదీ అంతే మెరుస్తుంది.

జాజితీగ (తిరుపతి)

బంగారు గీత, లస్టర్ ఒకే కాల్పులో పెట్టొచ్చా?

బట్టీ మాస్టర్ (చిత్తూరు)

పెట్టొచ్చు, ఒకదానికొకటి తగలకూడదు. మధ్యలో మిల్లీమీటరు ఖాళీ వదలండి. కలిస్తే ఆ అంచులో బంగారం ముడత పడి పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లనే అలంకారంగా వాడేవాళ్లున్నారు. అదే కావాలంటే, కాలిన బంగారం మీద ముత్యపు లస్టర్ వేసి మళ్లీ కాలుస్తారు.

గీతకి పళ్లేన్ని తిరిగే బల్ల మీద సరిగ్గా నడుమన పెట్టి, పొడవాటి జుట్టున్న సన్న కుంచెని ద్రవ బంగారంలో నింపి, చేతిని కదల్చకుండా బల్లనే తిప్పండి. లేత టీ రంగులో కనిపిస్తే మరీ పల్చగా పడినట్టు, కాలాక ఊదా అవుతుంది. ముదురు టీ రంగు సరైనది. నల్లగా గుంట కట్టినట్టుంటే పొక్కుతుంది. బంగారం అంటిన వేలు ఎక్కడ తగిలినా అక్కడ కాలాక ఊదా వేలిముద్ర. అది పోవాలంటే బంగారం చెరిపే గట్టి గులాబీ రబ్బరు తెచ్చుకుని రుద్దాలి.

నిర్వాహకులు

ఇక్కడ ఒక విషయం తప్పక చదవండి. ఈ రంగుల్లో చాలావాటిలో సీసం, కొన్నింటిలో కాడ్మియం ఉంటాయి. అన్నం, పులుసు, పచ్చడి తగిలే చోట వెయ్యకండి. కప్పుకి పెదవి తగిలే పై 2 సెంటీమీటర్లు బయటివైపు కూడా ఖాళీ వదలండి. ప్రయోగశాలలో 4 శాతం ఎసిటిక్ ఆమ్లం పోసి 22 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచి, దిగిన సీసం కొలుస్తారు. ఇంట్లో వెనిగర్ పోసి రంగు వెలవలేదు కాబట్టి క్షేమం అనుకోవడం తప్పు, దిగిన సీసం కంటికి కనబడదు. బంగారం, లస్టర్ ఉన్నవి మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, నిప్పురవ్వలొస్తాయి. పొడి నూరేటప్పుడు ఎన్‌95 మాస్క్, బల్లని ఊడవకుండా తడిగుడ్డతో తుడవడం, పని బల్ల దగ్గర తిండి, టీ పెట్టకపోవడం. లస్టర్ కాల్చే కిల్న్ వంటింట్లోనో పడకగదిలోనో వద్దు, గాలి ఆడే వసారాలో పెట్టండి. గర్భిణులు, పిల్లలు ఆ దగ్గర ఉండకూడదు.

కొత్తకుంచె (మదనపల్లె)

బంగారు గీత కాలాక ఒకచోట తెగి ఉంటే, ఆ ముక్క ఒక్కటే దిద్దొచ్చా, గీత మొత్తం మళ్లీ వేయాలా?

బట్టీ మాస్టర్ (చిత్తూరు)

తెగిన ముక్క ఒక్కటే దిద్దితే అతుకు దగ్గర రెండు పొరలై ముదురుగా కనిపిస్తుంది. చుట్టు మొత్తం పలచగా ఇంకోసారి వెయ్యడమే మేలు, రెండో పూతతో బంగారం నిండుగా కూడా వస్తుంది. లస్టర్ ముందే కాలి ఉంది కాబట్టి ఈసారి 700 దాటించకండి. దానికి ముందు గీతని స్పిరిట్‌తో తుడిచి, తెగిన చోట వేలితో రుద్ది చూడండి. బంగారం ఊడి వస్తోందంటే మొదటి కాల్పులో వేడి చాలలేదు. అప్పుడు మాత్రం 715కే తీసుకెళ్లి, కోన్ పెట్టి కాల్చండి.

జాజితీగ (తిరుపతి)

గులాబీ పలకని 800కి మళ్లీ కాల్చి చూశాను, ఇటుక రంగు పోయి తామర రంగు వచ్చింది. మొగ్గ కొసన మందంగా ఉన్న చోట మాత్రం ఇంకా గోధుమ ఛాయ ఉంది.

స్వర్ణముఖి (శ్రీకాళహస్తి)

ఆ కొసన పొర మందం, వేడి లోపలి దాకా పోలేదు. గులాబీని ఎప్పుడూ రెండు పల్చటి పూతలుగా, రెండు కాల్పుల్లో వెయ్యండి. పళ్లెం మీద మొగ్గ కొసని మొదటి కాల్పులో దాదాపు ఖాళీగా వదిలి, రెండో కాల్పులో ముదురు చేయండి. ఆ రెండోదాన్ని కూడా 780 కాకుండా 790కి తీసుకెళ్లండి, సంపంగి పసుపుకి 790 వల్ల నష్టం లేదు.

జాజితీగ (తిరుపతి)

సరే అక్కా, రెండోది 790, మూడోది 760, లస్టర్ ఒకే పూత 715, మూత 500 దాకా తెరిచి, పక్కన 018 కోన్. పళ్లెం మొదటి కాల్పు అయ్యాక ఫోటో ఇక్కడే పెడతాను.